జేబులో సగం ముక్క

విమానాశ్రయంలో ప్రయాణికులు బయటికొచ్చే తలుపు దగ్గర, లావుపాటి స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డప్పుడు కొలబద్ద చేతిలో ఉన్న ఆస్తి ఇదీ: కోటు జేబులో నెమలికంఠం రంగు గుడ్డముక్క, అదీ సగం, పక్కన భార్య, తోపుడుబండి మీద ఆవిడ కుట్టిన బొంతలున్న అట్టపెట్టె, బుర్రలో దారాల షావుకారి కొట్టు ఫోను నంబరు, ఇంకో జేబులో, దేశం దాటగానే నోరు పడిపోయిన సెల్‌ఫోను. చెవిలో బావమరిది ఎకసెక్కం ఇంకా గింగిర్లు కొడుతూనే ఉంది గాని, దాన్ని ఏ పద్దులో వెయ్యాలో ఆయన తేల్చుకోలేదు. కొలబద్ద అన్నది బజారు పెట్టిన పేరు. దర్జీలకి కావలసిన గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డ, దారాలు అమ్మే కొట్టు ఆయనది. ఎవరేం చెప్పినా ముందు దాని పొడవూ వెడల్పూ చూసుకుని గాని ఊ కొట్టడని ఎగతాళికి పెట్టారు, ఆయన బిరుదుగా పుచ్చుకున్నాడు. ఈ పూట కూడా ఆయన కొలతలో తేడా ఏమీ కనబడలేదు. విమానం వేళకే దిగింది, పెట్టె నలగకుండా వచ్చింది, అంతసేపు కూర్చున్నా ఆవిడ కాళ్ళు వాచలేదు. రావలసింది ఒక్క మనిషే. ఆ మనిషి బండితో వస్తాడు, అతని జేబులో ఇదే గుడ్డ మిగతా సగం ఉంటుంది, రెండు ముక్కల అంచులూ పళ్ళ వరసల్లా ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి, అంతే, ఎక్కడమే తరువాయి. వస్తాడు. రాకపోవడమేమిటి, మాటిచ్చింది దారాల షావుకారు.

"బావా, ఆ ఊళ్ళో యాప్ లేకుండా గుమ్మం కూడా దాటలేవు," అన్నాడు బావమరిది, బయల్దేరే ముందు కొట్టుకొచ్చి. టిక్కెట్లు బుక్ చేసే ఆఫీసులో పని వాడికి, అందుకని లోకంలో ఉన్న విమానాలన్నీ తన పెరట్లోంచే ఎగురుతాయన్నట్టు మాట్లాడతాడు. "నేనిక్కణ్ణించే కారు పెడతా. దిగగానే నీ ఫోనుకి నాలుగంకెలు వస్తాయి. డ్రైవరుకి చెప్తావు, ఎక్కుతావు." అంకెలు రాకపోతే అన్నాడు కొలబద్ద. వస్తాయి బావా అన్నాడు వాడు. రాకపోతే అన్నాడు మళ్ళీ. రోమింగ్ వేయించుకుంటే ఎందుకు రావు అన్నాడు వాడు. వేయించుకున్నా రాకపోతే అన్నాడు ఈయన. వాడు జుట్టు పీక్కుని, "మరి విమానం ఎక్కుతున్నావుగా, రెక్క ఊడితే ఎలా అని అడగవేం?" అన్నాడు. "రెక్క ఊడితే కారుతో పనుండదు కదరా," అన్నాడు కొలబద్ద, ఆ మాటకి కొట్టులో ఉన్న దర్జీలు సూదులు కింద పెట్టి మరీ నవ్వారు. ఆ నవ్వు జమ కిందే వేసుకున్నాడు ఆయన. కానీ బావమరిది ఊరుకునే రకమా, మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "సరే, గుడ్డముక్క పట్టుకుని ఊగు, మా అక్కని మాత్రం రోడ్డుమీద నిలబెట్టకు," అని ఒక ముల్లు గుచ్చి పోయాడు. ఆ ముల్లు ఇప్పుడు, ఈ చల్లటి హాల్లో, నెమ్మదిగా లోపలికి దిగుతోంది.

అయినా ఆయన చేసిన ఏర్పాటులో తప్పెక్కడుంది? ముక్కూ మొహం తెలియని డ్రైవరుకి చెప్పే నాలుగంకెలు గుర్తయితే, వేళ్ళకి తగిలే గుడ్డ గుర్తు కాకుండా పోతుందా? దారాల షావుకారితో ఆయన బేరం జీవితంలో సగానికి పైగా సాగింది, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే. కొట్టు పెట్టిన కొత్తలో ఒక దర్జీ ఎక్కణ్ణించో విదేశీ దారపు ఉండ తెచ్చి ఇలాంటిది తెప్పించగలవా అన్నాడు, ఉండ మధ్యలో అట్టగొట్టం మీద చిరునామా ఉంది, ఆ చిరునామా వెంబడి వెళితే ఆ చివర, ఇదే ఊళ్ళో, షావుకారు ఉన్నాడు. ఇద్దరికీ సగం సగం వచ్చిన ఒక భాషలో, ఖంగుమనే లాండ్ లైన్ల మీద, ఒకరి మాట ఒకరు రెండుసార్లు చెప్పించుకుంటూ నడిపారు. రంగు పేరు చెప్పుకుంటే పప్పులో కాలేసినట్టే, ఆకుపచ్చ అంటే నీకు గుర్తొచ్చే ఆకు వేరు, నాకు గుర్తొచ్చే ఆకు వేరు. అందుకని పళ్ళ కత్తెరతో గుడ్డని వంకర టింకరగా రెండుగా కత్తిరించి, సగం ఇక్కడ ఉంచుకుని సగం అక్కడికి పంపేవాడు ఈయన. దారం వచ్చినప్పుడు పెట్టెలో ఆ సగం తిరిగొస్తుంది, రెండూ కలిపి చూస్తే అంచులు కూర్చుంటే సరుకు ఆయనదే, రంగు అదే. లారీ ఆఫీసులో సరుకు విడిపించడానికి ఎవరు వెళ్ళినా అంతే, చేతిలో సగం ఉండాలి. అదే పద్ధతి మనిషికి వాడాడు. మనిషి మాత్రం సరుకు కాదా, ఒకచోట ఎక్కించి ఇంకోచోట దింపేదేగా! ఫోనులో షావుకారు, "ఎవరెవరు?" అని అడిగాడు. "నేనూ, సరుకూ," అన్నాడు ఈయన. "గుర్తు నీ దగ్గర సగం, నా దగ్గర సగం. అడిగేదాకా బయటికి తియ్యకు," అన్నాడు షావుకారు. "నువ్వూ తియ్యకు." "నాకు చెప్పాలా?" అని ఇద్దరూ ఒకరి తెలివికి ఒకరు మురిసిపోయి ఫోను పెట్టేశారు.

"ఏమండీ," అంది భార్య. ఆవిడ తోపుడుబండి అంచున కూర్చుని పెట్టె మీద చెయ్యి వేసుకుంది. "మధ్యాహ్నానికి తలుపులు మూసేస్తామన్నారు కదూ?" మధ్యాహ్నం దాకా మనమిక్కడ ఉంటామా ఏమిటి అన్నాడాయన. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో ఆవిడకి చాలా రకాలున్నాయి, ఇది నమ్మకం ఉన్న రకమా, నమ్మినట్టు కనిపించే రకమా అన్నది మాత్రం ఇన్నేళ్ళైనా ఆయనకి కొలతకి అందలేదు. సంగతి చిన్నది కాదు. ఈ ఊరికి అవతలి చివర పెద్ద హాల్లో చేతిపనుల సంత, ఏ దేశం నుంచి ఎవరొచ్చినా ఈ పూట మధ్యాహ్నంలోగా వచ్చి తమ చోటు పుచ్చుకోవాలి, రానివాళ్ళ చోటు వెయిటింగులో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు, బతిమాలినా ఒకటే, ఏడ్చినా ఒకటే. ఆ చోటు ఈవిడది. కొట్టుది కాదు, ఆయనది కాదు. దరఖాస్తులో యజమాని పేరు అన్నచోట బావమరిది కలం పట్టుకుని ఆగితే, కుట్టింది మీ అక్క, మీ అక్క పేరే రాయి అన్నది ఆయనే, తడుముకోకుండా. వచ్చిన పిలుపు ఆవిడ పేరున వచ్చింది. ఆవిడ దాన్ని చదివి, మడిచి, పోపుల డబ్బా పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివింది. ఆయన చూడనట్టు నటించాడు.

ఇందాకా ఒక చుట్టు చుట్టి వచ్చాడు ఆయన, చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. గోడమీద ఇంటర్నెట్ ఉచితం అని బొమ్మ ఉంటే సరే చూద్దామని నొక్కాడు. నీ నంబరు చెప్పు, ఒక సంకేతం పంపిస్తాను, అది కొడితే లోపలికి రానిస్తాను అంది తెర. నంబరు కొట్టాడు. పంపించాను అంది. ఎక్కడికి పంపిందో దానికే తెలియాలి. ఫోను నోరు తెరవాలంటే సంకేతం రావాలి, సంకేతం రావాలంటే ఫోను నోరు తెరవాలి, తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసిన ఆ పెద్దమనిషి ఎవరో గాని బావమరిదికి అన్నదమ్ముడై ఉండాలి. బయట కార్ల వరస ఉంది, ఒక్కొక్క డ్రైవరూ స్టీరింగు పక్కన అతికించిన ఫోను వైపే చూస్తున్నాడు, అద్దం మీద తడితే వేలు పెట్టి ఆ తెర చూపించి చెయ్యి ఊపేస్తున్నాడు. చెయ్యెత్తితే ఆగే కారు అన్నది ఈ ఊళ్ళో ఎవరూ చూసినట్టు లేదు. బస్సుకి కార్డు కావాలి, కార్డు ఇచ్చే యంత్రానికి మళ్ళీ ఫోను కావాలి. గోడకి ఒకచోట టెలిఫోను బొమ్మ ఉంది, దాని కింద ఫోను పెట్టె ఉండవలసిన చోట వెలిసిపోని రంగు చదరంగా మిగిలి, నాలుగు మరమేకుల కన్నాలు ఉన్నాయి. చచ్చిపోయిన చుట్టం ఫొటో చూసినట్టు అక్కడ ఒక్క క్షణం ఆగాడు. చివరికి విచారణ బల్ల దగ్గర అమ్మాయి, పాపం మంచిదే, ఆయన గడగడా చెప్పిన నంబరు తన ఫోనులో నొక్కి చెవికి ఆనించుకుంది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇన్నేళ్ళలో షావుకారి ఫోను అంతసేపు మోగడం ఆయన వినలేదు. కొట్టు ఇంకా తియ్యలేదేమో అనుకున్నాడు. పొద్దెక్కాక కూడా కొట్టు తియ్యని షావుకారు ఉంటాడా అన్న ప్రశ్న వెంటనే వచ్చి పక్కన నిలబడింది. దాన్ని పొమ్మన్నాడు. పోలేదు.

"ఆయనెవరో ఇందాకట్నుంచీ మనల్నే చూస్తున్నారండీ," అంది భార్య. స్తంభానికి అవతలి పక్క, కాఫీపొడి రంగు కోటు వేసుకున్న ఒక కురచ ముసలాయన, మోచేతి దాకా చెయ్యి జేబులో కుక్కుకుని, తలుపు వైపు చూస్తూ, మధ్యమధ్య ఇటూ చూస్తున్నాడు. కొలబద్ద ఆయన్ని దిగిన వెంటనే గమనించాడు. గమనించి, కొట్టు ముందు నిలబడి కొననివాళ్ళ మీదికి వదిలే చూపు ఒకటుంది తన దగ్గర, అది వదిలాడు. "చూస్తే చూడనీ. కారు కావాలా కారు కావాలా అని పట్టుకుంటారు చూడు, ఆ బాపతు. పైగా చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు. అలాంటివాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి." ఆవిడ ఆయన జేబు వైపు చూసింది, అందులో మణికట్టు దాకా మునిగి ఉన్న ఆయన చేతి వైపు చూసింది. "అవునవును," అంది.

ఆ అవునవును ఎక్కడో తగిలింది గాని ఆయన దాన్ని దాటి వెనక్కి వెళ్ళిపోయాడు, వెచ్చగా ఉండే చోటికి. కొట్టు మొదలెట్టినప్పుడు ఏముంది? ఇంకొకరి మేడమెట్ల కింద, వంగి కూర్చుంటే తల తగలనంత చోటు, ఒక చెక్కబల్ల, ఒక కత్తెర, గాజుసీసాల్లో గుండీలు. వీధి వీధంతా దర్జీలు, సాయంత్రం అయ్యేసరికి కత్తిరింపులన్నీ గోతాల్లో కుక్కి సందు చివర పారేసేవాళ్ళు. కొత్తగా కాపురానికి వచ్చిన ఈవిడ, అన్నం పట్టుకొచ్చి ఆయన తినేదాకా ఊరికే కూర్చోలేక, ఆ గోతం మూతి విప్పి ముక్కలు ఏరడం మొదలెట్టింది. ఏంటది, చెత్త అన్నాడు. చూడండి, ఇది పోస్టుమాన్ చొక్కా, ఇది బ్యాండువాళ్ళ ఎరుపు, ఇది మన ఎదురు వకీలు కోటు, వీధంతా ఇక్కడే ఉంది అంది ఆవిడ. వీధంతా కలిపి కుడితే మొదటి బొంత వచ్చింది. దాన్ని కొట్టు తలుపు మీద ఆరేస్తే దారం కోసం వచ్చిన నర్సు దారం మరిచిపోయి బొంత పట్టుకెళ్ళింది. ఆ రోజు ఆయనకి అర్థమైంది, తను అమ్మే సరుకు వేరు, తన ఇంట్లో తయారవుతున్న సరుకు వేరు అని. ఆయన సరుకు పక్క కొట్టులోనూ దొరుకుతుంది. ఆవిడది దొరకదు. వ్యాపారం తెలిసినవాడికి ఇంతకంటే పెద్ద ముక్క ఏముంటుంది? అందుకే మంచి దారం రాగానే, షావుకారి పెట్టె విప్పగానే, మొదటి ఉండ ఆవిడకి, మిగతాది బజారుకి. ఆవిడ కుట్టు ఎప్పుడూ నెమలికంఠం రంగులోనే నడుస్తుంది, ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉన్నా దాన్ని దాటుకుంటూ ఆ ఒక్క రంగు పోతూనే ఉంటుంది, చీమల బారు అడ్డొచ్చిన దాన్నల్లా ఎక్కి దిగి పోయినట్టు. ఇదేమిటి, ఇన్ని రంగులుంటే ఒక్కటేనా అని అడిగితే, అందరికీ ఒకటే దారం ఉంటేనే కదండీ కలిసుండేది అంది. ఆ మాట అన్నది ఈవిడేనా అని ఆయన అప్పుడు కత్తెర ఆపి చూశాడు.

తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, తెరుచుకున్నప్పుడల్లా పెట్టెల చక్రాల చప్పుడూ, చుట్టాల కేకలూ. పేర్ల అట్టలు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తమవాళ్ళని ఏరుకుని పోతున్నారు. ఆ అట్టలంటే ఆయనకి మొదట్నుంచీ లోకువ. పేరు పైకెత్తి చూపిస్తే ఎవడైనా నేనే అంటాడు, గుర్తు లోపల ఉండాలి. కానీ జనం పలచబడుతున్నారు. గడియారం వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు, గడియారం కూడా ఆ ఒట్టు విన్నట్టు ఏ గోడ మీద చూసినా తనే కనిపిస్తోంది. దారిలో ఏమైనా అయిందా? పంపిన మనిషి వేరే తలుపు దగ్గర ఉన్నాడా? ఇంకో తలుపు లేదని విచారణ బల్ల అమ్మాయి చెప్పింది. షావుకారు మరిచిపోయాడా? ఛ, ఉండ మీద ఉండ లెక్క తప్పని మనిషి మరిచిపోవడమా! తనకి నష్టమైతే ఆయన ఓర్చుకుంటాడు, చేతులు కాల్చుకోని వ్యాపారి ఎవరున్నారు, కాలిన చేత్తోనే మర్నాడు తాళం తీశాడు ఎన్నోసార్లు. ఇది అలాంటిది కాదు. ఈ బేరంలో పెట్టుబడి ఆవిడది, పందెం కాసింది తను. మా అక్కని రోడ్డుమీద నిలబెట్టకు. ముల్లు ఇంకొంచెం దిగింది. జేబులో గుడ్డముక్క చెమటకి మెత్తబడింది, బొటనవేలితో దాని పళ్ళు తడుముకుంటూ ఉన్నాడు, జపమాలలా.

"ఒకసారి ఆ ముక్క బయటికి తీసి పట్టుకోకూడదూ?" అంది భార్య. అడిగేదాకా తియ్యకూడదు అన్నాడు. "తీస్తే ఏమవుతుంది?" ఎవడైనా చూస్తాడు అన్నాడు. "చూస్తే?" నాదే అంటాడు. "అంటే అననివ్వండి. రెండో సగం ఉన్నవాడేగా జత కలపగలడు? లేనివాడు ఎలా కలుపుతాడు?" ఆ మాటకి పొడవూ వెడల్పూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇన్నేళ్ళ పద్ధతిలో ఎక్కడా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, లారీ ఆఫీసువాళ్ళు అడగలేదు, షావుకారు అడగలేదు. "అది పద్ధతి కాదు," అన్నాడు, ఆ మాట తన చెవికే పాత కొట్టు తలుపులా కిర్రుమంది. ముందు చూపించినవాడు లోకువ, అంతే, సరుకైనా మనసైనా, బజారులో పెరిగినవాడికి అది ఎముకల్లో ఉంటుంది, ఎముకని అడిగితే కారణం చెబుతుందా? ఆవిడ నిట్టూర్చింది. చలేస్తోంది అంది. లేచి నిలబడి, అట్టపెట్టె తాడు ముడి పంటితో లాగి విప్పింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్? నలిగిపోతాయి!" ఆవిడ వినిపించుకోలేదు. పైనున్న బొంత తీసింది, అన్నిట్లోకీ పెద్దది, నర్సు పట్టుకెళ్ళినదానికి బదులు మళ్ళీ కుట్టిన వీధి బొంత, సంతలో గోడకి వేలాడదియ్యాలని దాచుకున్నది. భుజాలకి కప్పుకుంటుందేమో అనుకున్నాడు. కప్పుకోలేదు. రెండు చేతులా పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, జనాన్ని ఆపడానికి వేసిన ఇనుప కడ్డీ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచేసింది. బూడిదరంగు హాలు, బూడిదరంగు నేల, బూడిదరంగు పెట్టెలు, వాటి మధ్యలో ఒక్కసారిగా వీధి వీధంతా వచ్చి నిలబడింది. పోస్టుమాన్, బ్యాండువాళ్ళు, వకీలు, బడిపిల్లల నీలం, క్షవరం కొట్టు తెల్ల దుప్పట్లు, వాటన్నిటినీ దాటుకుంటూ నెమలికంఠం రంగు దారం. పెట్టె లాక్కుంటూ పోతున్నవాళ్ళు ఆగారు. ఒకావిడ చెయ్యి చాచి, ముట్టుకోవచ్చా అన్నట్టు చూసింది. ఇంకొకాయన ఎంత అన్నట్టు వేళ్ళు ఆడించాడు, కొలబద్ద నాలుక మీదికి ధర దానంతటదే వచ్చేసింది, ఆయన నోరు విప్పేలోపు భార్య ఇది ఇక్కడ అమ్మం అని తల అడ్డంగా ఊపింది. సరుకు ముందు చూపించేసింది! అడక్కుండానే, బేరం లేకుండానే, నడిబజారులో పరిచేసింది! ఆయన ఎముకలన్నీ వద్దు వద్దు అంటున్నాయి. ఆయన ఛాతీ మాత్రం ఎముకల మాట వినకుండా ఉబ్బుతోంది.

కాఫీపొడి కోటు ముసలాయన స్తంభం చుట్టూ తిరిగి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. బొంత దగ్గర వంగి, బొటనవేలు కుట్టు మీద పెట్టి, దారం పోయిన దారినే నెమ్మదిగా నడిపించుకుంటూ పోయాడు, ఎరుపు మీదుగా, నలుపు మీదుగా. అంచు తిరగేసి వెనక కుట్టు చూశాడు. బొంతల వెనక వైపు చూసేవాళ్ళు ఇద్దరే ఉంటారు, కుట్టేవాళ్ళూ దారం అమ్మేవాళ్ళూ. ముసలాయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఎవరితోనో కాదు, ఆ దారంతోనే అన్నట్టు, "ఇది నాది," అన్నాడు, ఇద్దరికీ సగం సగం వచ్చిన ఆ భాషలో. ఖంగుమనే ఆ గొంతు. రెండుసార్లు చెప్పించుకునే ఆ గొంతు. కొలబద్ద చెయ్యి జేబులోంచి దానంతటదే బయటికి వచ్చింది. ముసలాయన చెయ్యి కూడా వచ్చింది. రెండు ముక్కలూ బొంత మీద పెడితే పళ్ళు పళ్ళలో కూర్చున్నాయి.

"మరి అడగవేం?" అన్నాడు కొలబద్ద. "నువ్వెందుకు అడగలేదు?" అన్నాడు షావుకారు. "అడిగేదాకా తియ్యకు అన్నావుగా!" "నువ్వూ అన్నావుగా! అయినా ఫోనులో ఆ గొంతు విని తాటిచెట్టంత మనిషి వస్తాడనుకున్నా. ఒక్కడివే అనుకున్నా. నేనూ సరుకూ అన్నావు. ఇదేమో ఇద్దరు, నన్ను చూస్తేనే దొంగని చూసినట్టు మొహం తిప్పేసుకుంటివి." భార్య ఇద్దరి వైపూ చూసింది. "ఇంతసేపూ ఒకే స్తంభానికి చెరో పక్కా నిలబడ్డారు. మీ ఇద్దరికీ ఒకే పీట మీద సన్మానం చెయ్యాలి," అంది, ఆ మాట షావుకారికి అర్థమయ్యేలా చెప్పడానికి కొలబద్దకి కొంత సమయం పట్టింది, అర్థమయ్యాక ఆ ముసలాయన కడ్డీ పట్టుకుని నవ్వాడు. ఎవరినో పంపుదామనుకున్నాడట ముందు. ఇన్నేళ్ళ బేరం, ఇంకొకడి చేతికి అప్పగిస్తామా అని తెల్లారే కొట్టుకి తాళం వేసుకుని వచ్చేశాడట. ఫోను ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు తెలిసింది. సెల్లు పెట్టుకోకూడదా అన్నాడు కొలబద్ద, అని, తన మాట తనకే వినబడి నాలుక కరుచుకున్నాడు. షావుకారు మళ్ళీ బొంత వైపే తిరిగాడు. "పంపడమే గాని ఎక్కడికి పోతుందో ఎప్పుడూ చూళ్ళేదు," అన్నాడు. "చొక్కాల్లోకి పోతోందనుకున్నా."

బొంత మడవడానికి షావుకారు ఒక కొస పట్టుకున్నాడు. వెలుపల ఆయన బండి, ముక్కు నొక్కుకుపోయిన పాత వ్యాను, తలుపు తెరవగానే కొత్త దారం వాసన, మిషను నూనె వాసన. షావుకారు ముందు సీటు మీది బిల్లుపుస్తకాలు తీసి వెనక్కి గిరాటేసి, రుమాలుతో దులిపి, అక్కడ కూర్చోమన్నట్టు ఆవిడకి చెయ్యి చాపాడు. కొలబద్ద వెనక, దారపు ఉండల అట్టపెట్టెల మధ్య, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నాడు. తన సరుకు మధ్యలో తనే సరుకైపోయినట్టుంది, అయినా ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. వ్యాను గోదాముల సందుల్లోంచి పోతోంది, పెద్ద రోడ్డు మీద పోతే అందుకోలేమట, ఇన్నేళ్ళుగా సరుకు దింపిన సందులు కళ్ళు మూసుకుని తిప్పుతానన్నాడు షావుకారు, దయచేసి తెరుచుకునే తిప్పు అన్నాడు కొలబద్ద. ముందు సీట్లో ఆవిడ, భాష రాకపోయినా, చేతులతో ఏదో చెబుతోంది, సూది ఇలా పోతుంది, దారం ఇలా వస్తుంది, తడిస్తే రంగు దిగుతుందా అని అడుగుతోంది కాబోలు, ఆయన స్టీరింగు వదిలి మరీ దిగదు దిగదు అని రెండు చేతులూ ఊపుతున్నాడు. వెనక నుంచి చూస్తే, ఇన్నేళ్ళూ తను నడిపిన బేరం నిజానికి వీళ్ళిద్దరి మధ్యే నడిచిందేమో, తను మధ్యలో లారీ ఆఫీసేమో అనిపించింది. ఆ ఊహకి నొచ్చుకోవాలి. నొచ్చుకుందామని చూశాడు, నొప్పి దొరకలేదు. "నిజంగా చలేసిందా నీకు?" అని అడిగాడు సీట్ల సందులోంచి. "వెయ్యదా మరి, మనుషులందరూ చేతులు జేబుల్లోనే పెట్టుకుంటే?" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

షావుకారు అడిగాడు, కొలబద్దనే, అద్దంలోంచి చూస్తూ: "సరుకు అన్నావు గాని, సరుకు యజమాని కూడా వస్తోందని చెప్పలేదే?" కొలబద్ద జవాబు వెతుక్కునేలోపు వ్యాను గభాల్న ఆగింది.

హాలు గుమ్మంలో ఒకామె చేతిలో జాబితాతో నిలబడి ఉంది. ఆమె వెనక ఒక కుర్రజంట, కుండలున్న బుట్టలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఎవరి చోటు ఖాళీ అవుతుందా అని ఆశగా చూస్తున్నారు. కలం జాబితా మీదికి దిగుతుండగా భార్య నడిచింది. పరిగెత్తలేదు. పెళ్ళిపందిట్లోకి నడిచినట్టు నడిచింది, పెట్టె మోస్తూ వెనక కొలబద్ద, రెండో వైపు పట్టుకుని రొప్పుతూ షావుకారు. జాబితా ఆమె తలెత్తి పేరు అడిగింది. కొలబద్ద గొంతు సవరించుకున్నాడు, అలవాటు, గడప దగ్గర మాట్లాడేది ఎప్పుడూ తనే కదా. ఆయన గొంతు బయటికి వచ్చేలోపే భార్య తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, గట్టిగా, ఒక్కొక్క అక్షరం బొటనవేలితో నొక్కి కుట్టినట్టు. ఆ పేరు ఆయన ఎన్నిసార్లు విని ఉంటాడు, రేషను ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, ఇంకెవరో పిలిస్తే. ఆవిడ నోటి నుంచి ఇలా వినడం ఇదే మొదటిసారి. కలం దిగిన చోట అడ్డగీత పడలేదు, టిక్కు పడింది. ఆవిడ మెడలో పసుపుపచ్చ తాడు వేసింది జాబితా ఆమె, యజమాని అని రాసుంది దాని మీద. తరవాత కొలబద్ద వైపు తిరిగి, మీరెవరు అంది. హాల్లోకి యజమానికి తోడు ఒక్కరినే పంపిస్తారట.

షావుకారు ఆయన మొహం చూశాడు. భార్య కూడా చూసింది. మేడమెట్ల కింద చెక్కబల్ల వేసుకున్న నాటి నుంచి ఒకరి కింద పని చెయ్యని మనిషి, పొడవూ వెడల్పూ చూడకుండా ఎవరికీ ఊ కొట్టని మనిషి, పెట్టె బరువు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, "ఈవిడ దగ్గర పనిచేస్తాను," అన్నాడు. జాబితా ఆమె బూడిదరంగు తాడు తీసి ఆయన మెడలో వేసింది. సహాయకుడు. షావుకారు అవతల నిలబడి, దారం అమ్మేవాళ్ళకి ఏమీ లేదా తాడు అని జాబితా ఆమెని సతాయిస్తున్నాడు.

"అటు కొస పైకి పట్టుకోండి, నేలకి తగలనివ్వకండి," అంది యజమాని, బొంత మడత విప్పుతూ. పట్టుకున్నాడు. చేతులు పైకెత్తి, మునివేళ్ళ మీద లేచి, వీధంతా తన తల మీదుగా గోడెక్కుతుంటే లెక్క చూసుకున్నాడు కొలబద్ద. ఖర్చు: ఇన్నేళ్ళ పద్ధతి ఒకటి, నోటి ముందు నుంచి జారిపోయిన యజమాని హోదా ఒకటి. జమ: గొంతుకి మొహం దొరికిన స్నేహితుడు ఒకడు, మెడలో తాడుతో సహా, సిఫారసు లేకుండా, ఈ వయసులో దొరికిన ఉద్యోగం ఒకటి. రెండు వైపులా కూడి, తీసి, మళ్ళీ కూడాడు. ఇంత లాభం వచ్చిన పూట ఆయన బతుకులో ఇంకొకటి లేదు.